సీతాకోకచిలుకలను లెక్కపెట్టిన తొండ

ఎటు చూసినా ఇప్పచెట్లే కనిపించే ఒక అడవి ఉండేది. దానికి ఇప్పలకోన అని పేరు. ఆ కోనలో ఎలుగుబంట్లు, అడవిపందులు, అడవిదున్నలు, అలుగులు, కుందేళ్లు, పికిలిపిట్టలు కాపురం ఉండేవి. కోన మధ్యలో పన్నెండు మలుపులు తిరుగుతూ జెర్రివాగు పారేది. ఆ వాగు ఒడ్డున ఒక బండ మీద గరికి అనే తొండ ఉండేది.

గరికి పొద్దస్తమానం తల ఊపుతూనే ఉండేది. ఎవరేం మాట్లాడినా ఊపేది. "ఈ తొండ అన్నిటికీ సరేనంటుంది" అని మిగతా జంతువులు నవ్వుకునేవి. కానీ గరికి సరే అనడం లేదు. లెక్కపెడుతోంది. కొమ్మ మీద పిట్టలెన్ని, బండ మీద చీమలెన్ని, గాలికి రాలిన ఆకులెన్ని అని కంటికి కనిపించినవన్నీ లెక్కపెట్టేది. ఒక్కో అంకెకి ఒక్కో ఊపు.

ఎండాకాలం వస్తే జెర్రివాగు ఎండిపోయేది. అప్పుడు జంతువులన్నీ కలిసి వాగు ఇసకలో గొయ్యి తవ్వుకునేవి. ఆ గోతిలో ఊరే నీళ్లే కోనకంతా ఆధారం. దాన్ని చెలమ అనేవారు. రోజూ పూడిపోయే ఇసకను రోజూ తియ్యాలి. తాగే నోరున్న ప్రతి ఇంటి నుంచీ ఒకరు ఇసక తియ్యాలన్నది ఆ కోన కట్టుబాటు.

అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా కొలతలో వచ్చింది. ఎప్పుడో ఎవరో పని ఎగ్గొట్టి నీళ్లు తాగారట. అప్పటినుంచి ఎవరు తీసిన ఇసక వాళ్లు విడిగా కుప్ప పొయ్యాలి. పది రోజులకోసారి ఆ కుప్పలను కొలుస్తారు. ఏనుగంతవాడికైనా చీమంతవాడికైనా కొలత ఒక్కటే. పిట్టలు మాత్రం గుంపంతా కలిసి ఒకే కుప్ప పోసేవి. కోనకు పెద్దదిక్కయిన ఎలుగుబంటి బూరవ్వ మోకాలి ఎత్తు! వరసగా మూడుసార్లు కుప్ప తగ్గితే, ఆ ఇంటివాళ్లు కోన దాటి వెళ్లిపోవాలి.

ఈ ఏడే సొంతంగా కాపురం పెట్టిన గరికి కుప్ప మొదటిసారి ఉసిరికాయంత అయింది. రెండోసారి బత్తాయిపండంత అయింది. ఇక మిగిలింది ఒకే ఒక్క కొలత.

కోన అవతల అంతా కాలిపోయిన రాతిగుట్టలు. గద్దలు తిరిగే చోటు. అక్కడికి ఒంటరిగా పోవడానికే భయం. దానికి తోడు, గరికి తన బండ కింద మట్టిలో ఏడు గుడ్లు పెట్టి ఉంది. గుడ్లను మోసుకుపోలేదు. వదిలి పోలేదు.

తవ్వకానికి మేస్త్రీ దుంపన్న అనే అడవిపంది. ముక్కుతో ఒక్క తోపు తోస్తే ఇసక గుట్టగా లేచేది. అతని కుప్ప ఎప్పుడూ బూరవ్వ నడుం దాకా ఉండేది. ఆ గర్వం అతని నడకలోనే కనిపించేది.

"ఏమే గరికీ! ఈసారన్నా నీ కుప్ప కంటికి కనిపిస్తుందా, లేక ఎవరైనా తొక్కేస్తారేమోనని పక్కన గుర్తుగా ముల్లు గుచ్చాలా?" అనేవాడు. పికిలిపిట్టలు కొమ్మల మీద పడీపడీ నవ్వేవి.

ఒకరోజు సాయంత్రం గరికి పెంకయ్య దగ్గరకు వెళ్లింది. పెంకయ్య ఒంటినిండా పెంకులున్న అలుగు. చెదపుట్టల్ని తవ్వి బతికేవాడు. మాట తక్కువ మనిషి.

"మామా, నాకు తవ్వడం నేర్పవా? తొమ్మిది రోజులే ఉంది" అంది గరికి.

"నేర్పేదేముందమ్మాయ్. చూడు, చెయ్యి" అని పెంకయ్య తవ్వడం మొదలుపెట్టాడు.

గరికి కూడా తవ్వింది. కళ్లలో ఇసక పడింది. కుడికాలి గోరు ఊడింది. అది నాలుగు గింజలు తీసేలోపు పైనుంచి ఎనిమిది గింజలు జారిపడేవి. చీకటి పడబోతుండగా పెంకయ్య ఆగి, ఒగరుస్తూ కూర్చున్నాడు.

"మామా, నీ ఎడమ భుజం నొప్పా?" అని అడిగింది గరికి.

పెంకయ్య తలెత్తాడు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు రెండువందల పది పంజాల మట్టి తీశావు. అందులో కుడి పంజాతో నూటముప్పై, ఎడమ పంజాతో ఎనభై. ముప్పైకోసారి ఆగి ఊపిరి తీసుకున్నావు. ఏడుసార్లు ఆగావు." అలా అని గరికి సిగ్గుపడింది. "ఏమనుకోకు మామా. ఇదొక పాడు అలవాటు. నా పని నేను చూసుకోకుండా అందరివీ లెక్కపెడతాను."

పెంకయ్య భుజం తడుముకున్నాడు. "పోయిన నెల తుమ్మముల్లు దిగింది, ఆ భుజంలో. మా ఇంటిదానికి కూడా తెలియదు" అన్నాడు. తర్వాత అడిగాడు. "ఇంకా ఏమేం లెక్కపెట్టావు?"

"పొద్దున సీతాకోకచిలుకలు. నా తిండి కోసం. వాగులో తొమ్మిదో మలుపు దగ్గర తెల్లమద్దిచెట్టు కింద ముప్పై ఒకటి ఉన్నాయి. ఇసకకు మూతులు ఆనించి కూర్చున్నాయి."

"ఎండు ఇసకలో వాటికేం దొరుకుతుంది?"

"ఎండుది కాదు మామా, తడి. అవి తడి పీలుస్తాయి" అంది గరికి. అనేసి ఆగిపోయింది. పెంకయ్య కూడా దాని మొహంలోకి చూశాడు.

అయిదోరోజున కోనలో గగ్గోలు పుట్టింది. పాత చెలమ అడుగంటిపోయింది. దున్నలు నాలుకలు బయటపెట్టి నిలబడ్డాయి. బూరవ్వ అందరినీ పిలిచింది.

"ఇంకా లోతుకు పోదాం" అన్నాడు దుంపన్న. "మా తాత తవ్విందీ ఈ రెండో మలుపులోనే, మా నాన్న తవ్విందీ ఇక్కడే. నేను తవ్వేదీ ఇక్కడే. నీళ్లు రాక ఎక్కడికి పోతాయి?"

"అవ్వా, ఒక మాట" అంది గరికి ముందుకు వచ్చి. "తొమ్మిదో మలుపులో తవ్వితే నీళ్లుంటాయేమో. అక్కడ ముప్పై ఒక్క సీతాకోకచిలుకలు వాలాయి."

అంతే! తర్వాత నవ్వులే నవ్వులు.

"దాహమేస్తే ఇక లెక్కలు తాగుదాం రండర్రా!" అన్నాడు దుంపన్న.

బూరవ్వ మాత్రం నవ్వలేదు. "పాత గోతిలో ఎలాగూ బురదే ఉంది. ఒక పూట పోతే పోయింది. తవ్వి చూడండి" అంది.

మర్నాడు పొద్దున్నే తవ్వారు. అడుగు తవ్వారు, పొడి ఇసక. రెండడుగులు తవ్వారు, పొడి ఇసక. మూడో అడుగుకు ఎండ ఎక్కి, పైనుంచి తీసి పోసిన ఇసకలోంచి అందరికీ ఏదో వాసన తగిలింది. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనకాల నిలబడ్డ గట్టయ్య అనే అడవిదున్న మెల్లగా తల దించుకున్నాడు.

"అది... అయిదు రోజుల కిందట తెల్లవారుజామున... నేనే అక్కడ..." అని నీళ్లు నమిలాడు.

సీతాకోకచిలుకలు తడి పీల్చిన మాట నిజమే. ఆ తడి గట్టయ్యది!

అడవి అడవంతా దొర్లిదొర్లి నవ్వింది. "గరికి తవ్వించిన గట్టయ్య చెలమ!" అని పికిలిపిట్టలు పన్నెండు మలుపుల దాకా చాటింపు వేశాయి. దుంపన్న కాళ్లకు అంటిన ఇసక దులుపుకుంటూ, "నాలుగు రోజులుంది. మోకాలెత్తు కుప్ప పోస్తావో, మూట కట్టుకుంటావో చూసుకో" అని వెళ్లిపోయాడు.

గరికి తన బండ కింద దూరి రోజంతా బయటకు రాలేదు. సాయంత్రం పెంకయ్య వచ్చి బండ పక్కన కూర్చున్నాడు. ఓదార్చలేదు. "లెక్క తప్పా అమ్మాయ్?" అని మాత్రం అడిగాడు.

"లేదు మామా. ముప్పై ఒకటే. రెండుసార్లు చూశాను."

"మరి తప్పెక్కడ జరిగింది?"

గరికి ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. "ఒక్కరోజే చూశాను" అంది చివరికి. "గుంపు ఉందని చూశాను గానీ, ఆ గుంపు నిలుస్తుందో లేదో చూడలేదు."

పెంకయ్య లేచి చెదపుట్ట వైపు వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి గరికి తవ్వడం మానేసింది. ఇసక కుప్ప వైపు చూడనే లేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి వాగు పొడవునా పరుగెత్తింది. పన్నెండు మలుపుల్లో నాలుగింటి దగ్గరే సీతాకోకచిలుకలు వాలుతున్నాయి. మూడో మలుపు, ఆరో మలుపు, పదో మలుపు, పదకొండో మలుపు. మూడు పూటలు, మూడు రోజులు, నాలుగు చోట్లు. మొత్తం ముప్పై ఆరు లెక్కలు. ఒక్కటీ వదల్లేదు.

రెండోరోజు దారిలో గట్టయ్య ఎదురయ్యాడు.

"గట్టయ్య మామా, ఒకటి అడుగుతాను, కోప్పడవు కదా? ఈ మధ్య నువ్వు ఎక్కడెక్కడ... అదే... తొమ్మిదో మలుపులో లాగా..."

గట్టయ్య నోరు తెరిచాడు. "ఆడపిల్లవి, ఇదేం ప్రశ్నే తల్లీ!"

"చెప్పు మామా. కోనకు పనికొచ్చే సంగతి."

గట్టయ్య అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మూడో మలుపు. పదో మలుపు కూడా. ఇక నన్ను వదిలెయ్" అన్నాడు.

మూడోరోజు సాయంత్రం గరికి బండ మీద కూర్చుని లెక్కలన్నీ వరసగా తలుచుకుంది. మూడో మలుపులో మొదటిరోజు నలభై రెండు సీతాకోకచిలుకలు. రెండోరోజు పదిహేడు. మూడోరోజు మూడు. పదో మలుపులో ఇరవై ఆరు, తొమ్మిది, ఆ తర్వాత సున్నా. ఆ రెండూ గట్టయ్య పుణ్యమే. పదకొండో మలుపులో ఎనిమిది, నాలుగు, ఒకటి. అదీ ఎవరిదో ఒకరిది అయ్యుంటుంది.

ఆరో మలుపులో మాత్రం పద్నాలుగు, పదిహేను, పద్నాలుగు.

అక్కడ చెట్టు లేదు, నీడ లేదు. అంతా గులకరాళ్లు. ఎవరి కంటికీ ఆనని చోటు. గుంపు కూడా చిన్నదే. అయినా ఆ గుంపు తగ్గలేదు. ఎండ ఎంత కాసినా తగ్గలేదు. ఎంత పీల్చినా ఆ తడి ఆరడం లేదంటే, అది పైనుంచి పడింది కాదు. అడుగునుంచి వస్తోంది.

తెల్లవారితే కొలత.

ఈలోగా దుంపన్న పాత గోతిని తవ్వుతూనే ఉన్నాడు. రెండు నిలువుల లోతుకు పోయాడు. నీరు రాలేదు, బండ తగిలింది. "బండ అడుగున ఉంటుంది" అని కోరలతో బండను పెళ్లగించబోయాడు. కుడి కోర సగానికి విరిగింది. బయటకు వచ్చినప్పుడు మూతి నిండా రక్తం. కోనలో ఇంతకు ముందెన్నడూ లేనంత ఎత్తు కుప్ప అతని గోతి పక్కన ఉంది. గోతిలో ఒక్క చుక్క నీరు లేదు.

కొలత రోజు రానే వచ్చింది. జంతువులన్నీ దాహంతో తూలుతూ వాగులో నిలబడ్డాయి. బూరవ్వ కుప్పలు చూసుకుంటూ వచ్చి గరికి ముందు ఆగింది. గరికి ముందు కుప్పే లేదు.

"ఏమమ్మా, ఈసారి బత్తాయిపండంత కూడా లేదేం?" అంది బూరవ్వ బాధగా.

"తవ్వలేదు అవ్వా. నేను నెల రోజులు తవ్వినా నీ మోకాలిని అందుకోలేను. అందుకే నాకు చేతనైన పని చేశాను. ఆరో మలుపులో నీళ్లున్నాయి."

"మళ్లీనా!" అని పికిలిపిట్టలు కీచుమన్నాయి.

"కట్టుబాటంటే కట్టుబాటు!" అన్నాడు దుంపన్న. విరిగిన కోరవల్ల మాట ముద్దగా వచ్చింది. "ముందు కుప్ప చూపించాలి. లేకపోతే కోన దాటాలి."

బూరవ్వ ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. అప్పుడు పెంకయ్య ముందుకు వచ్చాడు.

"అవ్వా, నా కుప్ప నీ మోకాలు దాటింది. ఇక ఈ పూట నా ఇష్టం కదా? నేను ఆరో మలుపుకు పోతున్నాను. ఎవరూ రానక్కర్లేదు. గరికిని మాత్రం పొద్దు వాలేదాకా ఉంచు" అన్నాడు.

"ఉంచుతాను" అంది బూరవ్వ.

పెంకయ్య తవ్వసాగాడు. గరికి పక్కనే నిలబడి తల ఊపసాగింది. ముప్పై పంజాలు. అరవై. గులకరాళ్లు తప్ప ఏమీ లేదు. నూటయాభై. పొడి ఇసక. పెంకయ్య భుజం పట్టేసింది. రెండువందల పది. ఇసక రంగు కొంచెం ముదిరింది. "వాసన చూడు మామా, మళ్లీ అదేనా?" అంది గరికి. పెంకయ్య వాసన చూసి మళ్లీ తవ్వాడు. రెండువందల డెబ్బై. ఇసక ముద్దగా పంజాకు అతుక్కుంది. మూడువందలు.

గోతి అడుగున చల్లని నీరు కంటిపాపంత మెరిసింది. చూస్తుండగానే అరచెయ్యంత అయింది.

గట్టయ్య పరుగున వచ్చి మూతి పెట్టాడు. "తియ్యగా ఉందర్రోయ్!" అని రంకె వేశాడు. కోనంతా ఆరో మలుపు దగ్గరకు ఉరికింది. తోపులాటలో ఒడ్డు విరిగి గొయ్యి పూడిపోయేలా ఉంది.

"ఆగండి!" అని గరికి అరిచింది. అంత చిన్న ఒంట్లోంచి అంత గొంతు ఎలా వచ్చిందో దానికే తెలియదు. "ఇది ఇంతమందికి చాలదు. దీన్ని పెద్దది చెయ్యాలంటే ఇంకా మూడువేల ఆరువందల పంజాల మట్టి తియ్యాలి. పెంకయ్య మామ ఒక్కడే తీస్తే పన్నెండు సాయంత్రాలు పడుతుంది. అన్ని రోజులు ఆగలేం."

అంటూ అది అందరి వెనకాల, దూరంగా నిలబడ్డ దుంపన్న వైపు తిరిగింది. "దుంపన్న మామా, నువ్వు ఒక్క తోపులో ఆరు పంజాల మట్టి తీస్తావు. ఆరువందల తోపులు చాలు. నువ్వొస్తే రేపు మధ్యాహ్నానికి అందరూ కడుపునిండా తాగుతారు."

దుంపన్న కదల్లేదు. "నన్నెందుకు పిలుస్తావు? నిన్ను పొమ్మన్నది నేనే కదా."

"కోనలో నీలాగా తొయ్యగలవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి."

దుంపన్న తల వంచుకుని వచ్చాడు. మూతి ఇసకలో ఆనించి తోశాడు. గట్టయ్య ఒడ్డును తొక్కితొక్కి గట్టిచేశాడు. మర్నాడు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కొత్త చెలమ నిండింది. అందరూ తాగాక, ఆఖరున దుంపన్న తాగాడు. ఎవరూ చెప్పకుండానే మేస్త్రీ పని వదులుకున్నాడు.

ఆ సాయంత్రం బూరవ్వ తన మోకాలు తడుముకుంటూ అంది. "ఇన్నేళ్లూ దీంతోనే అందరినీ కొలిచాను. పొరపాటు నాది. ఇక కుప్పలు కొలవను. ఎవరికి ఏ పని బాగా వస్తుందో ఆ పనే కోనకు చెయ్యండి. గరికి ఎక్కడికీ పోదు. ఎక్కడ తవ్వాలో ఇకమీదట గరికే చెబుతుంది."

గరికి బండ కింద గుడ్ల మీద మట్టి సర్దుకుని, ఆ రోజు హాయిగా నిద్రపోయింది.

అక్కడితో అది ఊరుకోలేదు. వాన కురిసినప్పుడు, మంచు పడినప్పుడు, గాలి మారినప్పుడు ఏ మలుపులో ఎన్ని సీతాకోకచిలుకలు వాలుతున్నాయో లెక్కపెడుతూనే ఉంది. తూనీగల్ని కూడా లెక్కలో చేర్చింది. అప్పుడప్పుడు తప్పు పోయేది. ఎందుకు తప్పిందో కనుక్కునేదాకా వదిలేది కాదు.

కొన్నాళ్లకు దుంపన్న దాని బండ దగ్గరకు వచ్చాడు. విరిగిన కోర నొప్పి తగ్గలేదు. మనిషి బాగా చిక్కిపోయాడు.

"గరికీ, కోర పోయాక గట్టినేల తవ్వలేకపోతున్నాను. నాకు వచ్చింది తవ్వకం ఒక్కటే. అదీ పోయింది. ఇక కోనకు నేనెందుకు?" అన్నాడు.

"రేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీ వెంట తిరుగుతాను మామా. ఆ తర్వాత మాట్లాడుకుందాం" అంది గరికి.

అన్నట్టే తిరిగింది. దుంపన్న మేతకు వెళితే వెళ్లింది. ఆగితే ఆగింది. సాయంత్రం అతని ముందు కూర్చుని అంది. "ఇవాళ నువ్వు ఇరవై మూడు చోట్ల నేల వాసన చూశావు. ఇరవై ఒక్క చోట్ల దుంప దొరికింది. ఒక్కసారి కూడా కోర వాడలేదు."

"వాసనా?" అన్నాడు దుంపన్న తీసిపారేస్తూ. "అదేం గొప్ప! మూరెడు లోతున ఏముందో వాసనకు తెలిసిపోతుంది. అది అందరికీ వచ్చేదేగా."

"నాకు రాదు మామా."

"రాదా? పెంకయ్యకు?"

"మూరెడు లోతుదా? రాదు. అడిగి చూడు."

దుంపన్న నిజంగానే వెళ్లి అడిగాడు. పెంకయ్యను అడిగాడు, గట్టయ్యను అడిగాడు. చివరికి బూరవ్వను కూడా అడిగాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని నడక మారిపోయింది. అది వెనకటి గర్వం కాదు. పని దొరికినవాడి హుషారు.

"గరికీ! నువ్వు మలుపు చెప్పు. ఆ మలుపులో సరిగ్గా ఎక్కడ తవ్వాలో నేను వాసన పట్టి చెబుతాను" అన్నాడు.

ఆ మర్నాడే ఇద్దరూ కలిసి ఎనిమిదో మలుపుకు బయలుదేరారు. ఒకరు తల ఊపుతూ, ఒకరు నేల వాసన చూస్తూ.

నీతి: మనకు తేలిగ్గా వచ్చే పని అందరికీ వస్తుందని తీసిపారెయ్యకూడదు. మన బలం అందులోనే ఉండవచ్చు. దాన్ని గుర్తించి, తప్పులు దిద్దుకుంటూ పెంచుకున్నవారు తామూ నిలబడతారు, నలుగురికీ అక్కరకు వస్తారు.